పూట పచ్చడికి ఓ దండం

రోటి పచ్చడీ, ముందుగా నీకో దండం.

ఆవకాయకు దండాలు పెట్టేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. దానికి జాడీ ఉంది, జాడీ మూతికి వాసెన ఉంది, అటక మీద చోటుంది, అత్తారింటికి వెళ్ళే పిల్ల సామానులో వాటా ఉంది, విమానం ఎక్కే పెట్టెలో బట్టల కన్నా ముందు స్థానం ఉంది. నీకు ఇవేవీ లేవు. పక్క పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా పుడతావు. అందరూ తిని లేచేసరికి గిన్నె అంచున మరకగా మిగులుతావు. పొరపాటున చెంచాడు మిగిలితే రాత్రి మజ్జిగన్నంలో నంజుకోవడానికి పనికొస్తావు. తెల్లారితే నిన్ను తలుచుకునేవాళ్ళు ఉండరు. అప్పటికే ఇంట్లో ఇంకో పచ్చడికి మిరపకాయలు వేగుతుంటాయి.

దాచుకునే రుచికి కీర్తి ఎక్కువ. పూటకు తినేసే రుచికి ఆకలొక్కటే సాక్షి. అందుకే ఈ నాలుగు మాటలు. ఇవాళ చేతికందిన దానితో, ఇవాళ్టి ఆకలి కోసం, ఇవాళే అయిపోవడానికి పుట్టేదానా, ఇవి నీ కోసం.

నీ పీఠం రోలు. పెరటి గుమ్మం పక్కనో, బావిగట్టు దగ్గరో, వానకు తడిసి ఎండకు కాలి, ఒక్కరు కదపలేని బరువుతో కూర్చున్న రాయి. పెళ్ళిపనులు మొదలయ్యేది దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నాలుగు పసుపుకొమ్ములు దంచాకే. అల్లరి కృష్ణుణ్ణి యశోద కట్టేసింది దానికే. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. ఒకవైపు దెబ్బలు తినేది రెండువైపులా తినేదానికి కష్టం చెప్పుకుందట. ఆ మొరలో న్యాయం ఎంతుందో గానీ, రోలు తిన్న ప్రతి దెబ్బకూ వీధి చివరి దాకా ఓ వాసన వెళ్ళింది. మద్దెలకు ఆ భాగ్యం లేదు.

దంచగా దంచగా రాయి కూడా అరుగుతుంది. గుంట నునుపెక్కితే కాయ నలగదు, జారుతుంది. అందుకని ఉలీ సుత్తీ పట్టుకుని రోళ్ళకూ తిరగళ్ళకూ కక్కు కొట్టేవాళ్ళు వీధుల్లో కేకేసుకుంటూ వచ్చేవారు. నునుపెక్కిన రాతి మీద చిన్న చిన్న గంట్లు పెట్టి వెళ్ళేవారు. కొత్తగా కక్కు కొట్టిన రోట్లో ఆ రోజే పచ్చడి చెయ్యరు. ముందు కాస్త తవుడో నూకలో వేసి దంచి, రాతిపొడి వదిలించి, రెండుసార్లు కడిగాక గానీ నీకు ప్రవేశం లేదు. గుడికి సంప్రోక్షణ చేసినట్టే.

కొయ్యడం వేరు, చితక్కొట్టడం వేరు. మిక్సీ బ్లేడు కోస్తుంది. కోసిందాన్నే మళ్ళీ కోస్తుంది, తిరిగి తిరిగి వేడెక్కిస్తుంది, లోపలికి గాలి నింపుతుంది. బండ అలా కాదు. కాయను దాని పీచు వెంట విడదీస్తుంది. రసం బయటికొస్తుంది, తొక్క మిగులుతుంది, గింజ పంటికి తగులుతుంది. పచ్చడి ముద్దలో మిరపకాయ ఏదో వంకాయ ఏదో నాలుక విడివిడిగా పోల్చుకోగలగాలి, అయినా రెండూ కలిసే ఉండాలి. కచ్చాపచ్చాగా దంచడం అంటే బద్ధకం అనుకునేవాళ్ళకి నువ్వు అర్థం కావు. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి మాత్రమే కచ్చాపచ్చాగా దంచగలదు.

శ్రావణంలో లేత బీరకాయ ఇంటికొచ్చిన పొద్దు చూడాలి నీ వైభవం. ఆ ఒక్క కాయ రెండు గిన్నెలవుతుంది. లోపలి గుజ్జు కూరకు, పైచెక్కు నీకు. ఈనెలు అరచేతికి గరుగ్గా తగులుతుండగా చెక్కు తీసి, సన్నగా తరిగి, మూకుట్లో చెంచాడు నూనె వేసి అందులో పడేస్తే ముందు నీరు వదులుతుంది. మెత్తబడి, ఇక ఇంతేనేమో అనిపిస్తుంది. ఇంకాసేపు ఓపిక పట్టాలి. నీరు ఇగిరిపోయి, అంచులు ముడుచుకుని, ఆకుపచ్చ ముదిరి, గరిటెకు గలగలమని తగలడం మొదలవుతుంది. అప్పుడు దింపాలి. అదే మూకుట్లో మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, మెంతులు నాలుగు గింజలు. నాలుగే. చెయ్యి జారి గుప్పెడు పడితే ఆ పూట పచ్చడి మెంతులదే అవుతుంది.

రోట్లోకి ముందు పోపూ ఉప్పూ వెళతాయి. రాళ్ళుప్పు గరుకుకు మిరపతొక్క త్వరగా నలుగుతుంది. తరువాత నానిన చింతపండు. అది వెళ్ళాక గానీ పొట్టు వెళ్ళదు. బండ చప్పుడు కూడా వరసగా మారుతుంది. మిరపకాయ దగ్గర పొడిగా టకటకమంటుంది. చింతపండు పడగానే గొంతు బొంగురుపోతుంది. పొట్టు పడ్డాక రెండూ కలిసి మెత్తగా, బరువుగా వినిపిస్తుంది. వంటింట్లోకి రాకుండానే, వసారాలో పేపరు చదువుకుంటున్న మనిషి ఆ చప్పుడు విని, ఇక కాళ్ళు కడుక్కోవచ్చని లేస్తాడు.

పచ్చడి గిన్నెలోకి ఎత్తాక కూడా రోలు ఖాళీ అవదు. గుంట అడుగునా, బండ మొహానా, గంట్ల సందుల్లోనా నువ్వుంటావు. అందులో రెండు పిడికిళ్ళ వేడన్నం వేసి, చుక్క నూనె పోసి, రోటి గోడలన్నీ అన్నంతోనే తుడిచి, ముద్దలు కట్టి చుట్టూ మూగిన పిల్లల చేతుల్లో పెట్టేవాళ్ళు. కంచం లేదు, పీట లేదు, వరస లేదు. పిల్లలది కడుపాకలి కాదు, రోటి దగ్గరి ఆకలి. ఇంటిల్లిపాదికీ వడ్డించిన పచ్చడి ఒకటే అయినా, రోలు తుడిచిన ముద్ద తిన్నవాళ్ళు ఆ పూట కంచం ముందు కాస్త తలెత్తుకునే కూర్చుంటారు.

పారెయ్యాల్సిందేదీ లేదని మాకు నేర్పినదానా, దండం. బీరపొట్టు నీదే. సొరకాయ చెక్కు నీదే. అరటికాయ తొక్క నీదే. కూరకు ముదిరిన దొండకాయ, పప్పుకు చాలని చుక్కకూర, గాలివానకు రాలిన మామిడి పిందె, పాదు పీకేసే వేళ కొమ్మకు మిగిలిన పచ్చి టమాటా, కట్ట విప్పగానే పక్కన పెట్టే కొత్తిమీర కాడలు నీ వాకిట్లోకి వస్తాయి. కొబ్బరికాయ కొట్టింది దేవుడికే అయినా, చిప్ప చివరికి చేరేది నీ దగ్గరికే. ఇంట్లో కూరగాయ ముక్క లేని రోజు కూడా నిన్ను ఎవరూ ఆపలేరు. గుప్పెడు కందిపప్పు దోరగా వేయించి, రెండు మిరపకాయలతో నూరి, పచ్చిపులుసు పక్కన పెడితే ఆ ఇంటికి ఆ పూట ఏ లోటూ లేదు.

అలాగని దేన్నిపడితే దాన్ని కళ్ళు మూసుకుని లోపలికి రానివ్వవు. దోసకాయ వచ్చిందంటే ముందు చేదు చూడాలి. కాయ కోసి, గింజల దగ్గర చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని, ఒక్క క్షణం ఆగాలి. చేదైతే ఆ కాయ పెంటకుప్పకే. మంచిదైతే చిన్నచిన్న ముక్కలుగా తరిగి, పచ్చిగానే, నూరిన కారంలో కలపాలి. ముక్కల్ని దంచకూడదు. పంటి కింద కరుక్కుమనాలి, ఆ వెంటనే కారం తెలియాలి, ఆ తరువాత ఇంగువ. దోసకాయ పచ్చడి రుచి వరసలో వస్తుంది, గుంపుగా రాదు.

ఇక నీ పంచాంగం. తిథీ వారం చూసుకోవడానికి గోడ మీద కాలెండరు ఉంది గానీ, ఏ నెలలో ఉన్నామో నాలుకకు చెప్పేది నువ్వే.

తొలకరి వానలకు గోంగూర ఏపుగా లేస్తుంది. ఎర్రకాడది పులుపు ఎక్కువ, తెల్లకాడది కాస్త నెమ్మది. ఆకు తుంచి, కడిగి, పాతచీర మీద పరిచి తడి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. మూకుట్లో బుట్టెడు ఆకు వేస్తే చూస్తుండగానే గుప్పెడు ముద్ద అవుతుంది. మెరిసే ఆకుపచ్చ పోయి మట్టిరంగు తేలుతుంది. దాని పులుపే, వేడి తోడు కాగానే, దాని పచ్చదనాన్ని తినేస్తుంది. అల్యూమినియం గిన్నెలో ఉంచితే ఆ పులుపు గిన్నెను కూడా వదలదు. అందుకే దానికి గాజో పింగాణీయో రాతిచిప్పో కావాలి. పక్కన పచ్చి ఉల్లిపాయ కావాలి. గుంటూరు వైపు దీనికి మించిన మర్యాద లేదు. తెలంగాణలో పుంటికూర పేరుతో ఇదే మర్యాద అందుకుంటుంది.

ఆషాఢంలో మునగాకు. శ్రావణంలో బీర, దొండ, కాకర. ముళ్ళకంపల మీద తెలుపూ గులాబీ కలిసిన వాక్కాయలు కాసేదీ ఆ వానల్లోనే. తెలంగాణలో వాటిని కలేకాయలంటారు. కొయ్యగానే పాలు కారి చేతికి బంకలా అంటుకుంటాయి. అయినా ఎవరూ మానరు. వాక్కాయ ఉన్న పచ్చడికి చింతపండు అక్కర్లేదు, దాని పులుపు దానికి చాలు. భాద్రపదంలో వినాయకుడి నెత్తిమీద పాలవెల్లికి వెలగకాయ వేలాడుతుంది. పూజ అయ్యాక అది వంటింటికి వస్తుంది. గట్టి చిప్పను రాతికేసి కొట్టి పగలగొట్టి, గుజ్జు తీసి, పచ్చిమిరపకాయలతో నూరి, ఒక ఇంట్లో బెల్లం కలుపుతారు, ఇంకో ఇంట్లో పెరుగు. ఏనుగు మొహం దేవుడికి వెలగపండు ఎందుకంత ఇష్టమో ఆ పూట తెలుస్తుంది.

ఆశ్వయుజంలో అట్లతద్ది. నక్షత్రాలు ఇంకా ఉండగానే ఆడపిల్లలు లేచి చద్దన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుని, పెరుగన్నం తిని, ఉయ్యాలలకు పరుగెత్తుతారు. రోజంతా ఉపవాసం ఉండబోయే కడుపుకు ముందుగా తోడు పంపేది నిన్నే. కార్తీకంలో ఉసిరి. వనభోజనాల్లో చెట్టు కిందే విస్తరి వేసుకుని, ఆ చెట్టు కాయనే నంజుకుంటారు. తిన్నాక మంచినీళ్ళు తాగితే నీళ్ళే తియ్యగా ఉంటాయి. ఉసిరి రాత్రిపూట తినకూడదు, ఆదివారం తినకూడదు అని పెద్దవాళ్ళు లెక్కలు చెబుతారు. ఆ లెక్కలు పాటిస్తూనే సోమవారం పొద్దున్న కోసం ఎదురుచూస్తారు.

చలి ముదిరితే చింతకాయ. గింజ గట్టిపడక ముందే చెట్టు దులిపి, కాయల్ని ఉప్పూ పసుపూ వేసి దంచుతారు. మూడో రోజు తీసి, పీచూ ఈనెలూ గింజలూ ఏరి, మళ్ళీ దంచి జాడీకి ఎత్తుతారు. కారం వెయ్యరు. కావలసినప్పుడల్లా కొంచెం తీసి, ఆ పూటకు పచ్చిమిరపకాయలతో నూరి పోపు పెడతారు. జాడీలో ఉన్నంతసేపూ అది ముడిసరుకే. రోట్లోకి వచ్చాకే పచ్చడి. పాత చింతకాయ పచ్చడి అని పనికిరాని కబుర్లను వెక్కిరించే నోరే, జ్వరం తగ్గి పథ్యం పెట్టే రోజున, మెత్తటి అన్నంలోకి ఆ పాత చింతకాయ పచ్చడినే అడుగుతుంది. నోటికి తిరిగి రుచి తెలిసిన ఆ మొదటి ముద్దను మించిన వైద్యుడు లేడు.

అదే చలిలో నిప్పుల మీద కాల్చిన వంకాయ. తొక్క నల్లబడి పేలి, లోపలి గుజ్జు పొగవాసన పట్టాక, ఆ మసి వలిచి, పచ్చిమిర్చీ ఉల్లిపాయా చిదిమి కలిపితే చాలు. సంక్రాంతికి నువ్వులు. ఆ తరువాత చేలల్లో మిరప పండి ఎర్రబడుతుంది. ఎండబెట్టక ముందే, రసం నిండిన పండుమిరపకాయల్ని తొడిమలు తీసి, తడి తుడిచి, ఉప్పూ చింతపండూ వేసి దంచితే కొరివికారం. దంచిన చేతులు ఆ రాత్రంతా మండుతాయి. చేతులకు కొబ్బరినూనె రాసుకుని పడుకున్న మనిషే పొద్దున్నే వేడన్నంలో మొదటి ముద్ద కలిపి రుచి చూసి, తల ఊపుతుంది.

ఫాల్గుణం పోయి చైత్రం వస్తుంది. ఉగాది నాడు పంచాంగ శ్రవణం కన్నా ముందు నువ్వు నోట్లో పడాలి. ఆ గిన్నెలో ఉన్నవన్నీ ఆ నెల పుట్టినవే. వేపచెట్టున అప్పుడే పూసిన పువ్వు, మామిడికొమ్మకు అప్పుడే కట్టిన పిందె, ఆ ఏటి కొత్త చింతపండు, కొత్త బెల్లం. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ నువ్వు కంచంలో ఓ మూల. ఆ ఒక్క రోజు మాత్రం దేవుడి ముందు నైవేద్యం. ఆ వెనకే చింతచిగురు, మామిడికాయ కొబ్బరి పచ్చడి. అలా నడుస్తూ నడుస్తూ వేసవికి ఆవకాయ గుమ్మం దగ్గరికి చేరతావు. అక్కడ దానికి దారి ఇచ్చి పక్కన నిలబడతావు. కొత్తావకాయ మోజు తీరే వరకు నీ వంతు రాదని నీకు తెలుసు. తొలకరి దూరంలో లేదనీ తెలుసు.

నీ వయసు ఎంతో చెప్పగలిగేవాళ్ళు లేరు గానీ, నీ పాత రూపం ఒకటి కావ్యంలో దొరుకుతుంది. 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడనే భక్తుడి ఇంటి వంటను రుతువుల వారీగా వర్ణించాడు. ఎండాకాలం అతిథికి చల్లబరిచే పదార్థాలు. చలికాలం అతిథికి మిరియప్పొడి వేసిన వేడివేడి కూరలు, ముక్కు అదిరేలా ఆవ పెట్టిన పచ్చళ్ళు. గుర్రాలెక్కి యుద్ధాలు చేసిన రాజు, ఏ కాలంలో కంచంలో ఏముండాలో పట్టించుకుని పద్యం కట్టాడు. ఆ పద్యంలో మిరపకాయ లేదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల మీద అప్పుడప్పుడే పడమటి తీరానికి చేరుతున్న కాలమది. కొన్ని ఇళ్ళలో తద్దినం వంటకు నేటికీ కారం అంటే మిరియమే.

ఆ ఆవ ఘాటు ఇప్పటికీ నీ దగ్గర ఉంది. ఆవగింజలో ఘాటు విడిగా ఉండదు. గింజ చితికి, తడి తగిలితే, లోపల వేర్వేరుగా దాగిన రెండు పదార్థాలు కలిసి అది అప్పటికప్పుడు పుడుతుంది. వేడి తగిలిందా, ఆ కలయిక ఆగిపోతుంది. అందుకే పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయి, పచ్చిగా నూరి కలిపిన ఆవ నడినెత్తికి ఎక్కుతుంది. మిరప కారం తీరు వేరు. అది నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నోరు మండిపోతే చెంబుడు నీళ్ళ కన్నా గరిటెడు నెయ్యి నయమని, గడ్డపెరుగు నయమని, ఆ సంగతి ప్రయోగశాలలు తేల్చక ముందే విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకి తెలుసు.

పుట్టినూరు అడగనిదానా, దండం. మిరప, టమాటా, వేరుశనగ, జామ అమెరికా ఖండం నుంచి వచ్చాయి. చింతచెట్టు సొంత ఊరు ఆఫ్రికా. తెలుగువాడి పేరు చెప్పగానే గుర్తొచ్చే గోంగూర పూర్వీకులదీ ఆ ఖండమే. వంకాయ, మామిడి, నువ్వు ఈ దేశపు బిడ్డలు. ఎవరు ఎప్పుడొచ్చారో రోలుకు తెలియదు. వచ్చిన పులుపుకు ఓ మిరపకాయ తోడిచ్చి, ఉప్పు వేసి, ఈ ఊరి దాన్ని చేసి పంపింది.

ఆ గుణమే నిన్ను సముద్రం దాటించింది. నువ్వు ప్రయాణానికి పనికిరావు. నీ కబురు మాత్రం పనికొస్తుంది. అమెరికాలో తెలుగు ఇళ్ళ పెరళ్ళలో ఎండ ఉన్న నాలుగు నెలలూ గోంగూర పెరుగుతుంది. మంచు పడితే ఆ మొక్క నిలవదు కాబట్టి, చలి ముదిరేలోగా ఆకంతా కోసి ఇరుగుపొరుగులకు పంచి, మిగిలింది వేయించి దాచుకుంటారు. ఆకురాలే కాలంలో అక్కడి అంగళ్ళ నిండా క్రాన్‌బెర్రీలు వస్తాయి. ఎర్రగా, గుండ్రంగా, నోరు ముడుచుకుపోయేంత పులుపు. ఆ దేశస్తులు వాటిని చక్కెరతో ఉడికించి పండగ విందులో పెట్టుకుంటారు. మనవాళ్ళు ఒకటి కొరికి చూసి, కాసేపు ఆలోచించి, మెంతులు వేయించడం మొదలుపెట్టారు. ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి తగిలి అది పచ్చడై కూర్చుంది. వాక్కాయను ఎరిగిన నాలుకకు క్రాన్‌బెర్రీ దగ్గరి బంధువులానే తోచింది.

సీమలో రాగిసంగటి ముద్ద గుంటలో ఊరుబిండివై ఒదిగినదానా, దండం. తెలంగాణలో జొన్నరొట్టె మడతలో తొక్కువై, నువ్వులూ పల్లీలూ జీలకర్రా వెల్లుల్లీ తోడు తెచ్చుకున్నదానా, దండం. పెసరట్టు పక్కన అల్లప్పచ్చడివై, ఇడ్లీ పక్కన కొబ్బరి పచ్చడివై పొద్దున్నే నిద్ర లేపేదానా, దండం. నాట్లు వేసే చేతుల సద్దిమూటలో, అన్నం ముద్ద మధ్య దాక్కుని, గట్టు మీద చెట్టు నీడన మూట విప్పగానే కూరలేని లోటు కనపడనివ్వనిదానా, నీకు ప్రత్యేకంగా దండం. నువ్వొక్కదానివే కంచంలో ఉన్న ఇళ్ళెన్నో. పక్కన పప్పూ లేదు, నెయ్యీ లేదు. ఆ ఇళ్ళలో నీ కారం ఎక్కువగా ఉండేది, చారెడు పచ్చడి కుండెడు అన్నాన్ని గొంతు దించాలి కనుక. నిన్ను రుచి కోసం పొగిడే నోళ్ళు ఆ సంగతి మరవకూడదు.

నిన్ను దంచిన చేతుల్నీ మరవకూడదు. పొద్దున్నే లేచి, నీళ్ళు తోడి, పొయ్యి రాజేసి, అన్నీ అయ్యాక రోటి ముందు కూర్చున్న ఆడవాళ్ళ భుజాల నొప్పి ఈ స్తుతిలో లేకపోతే ఇది అబద్ధపు స్తుతి అవుతుంది. మిక్సీ ఇంట్లోకి వచ్చిన రోజు ఆ భుజాలు ఊపిరి పీల్చుకున్నాయి. అందుకని మిక్సీని తిట్టే హక్కు బండ పట్టని చేతులకు లేదు. దాన్ని కూడా దారికి తెచ్చుకున్నారు మన ఇళ్ళలో. స్విచ్చి ఒక్క తిప్పు తిప్పి వెంటనే ఆపడం, మూత తీసి గరిటెతో కలపడం, మళ్ళీ ఒక్క తిప్పు. పోపు ముందు, పులుపు తరువాత, కాయ ఆఖరున. ఉల్లిపాయ వేస్తే జార్‌లో తిప్పరు, చేత్తో నలిపి కలుపుతారు. రాయి నేర్పిన వరసనే స్టీలుకు నేర్పారు. ఫ్లాట్లలో పెరడు లేకపోయినా, వంటగట్టు మీద చేతిలో ఇమిడేంత చిన్న రోలు కనిపిస్తోంది మళ్ళీ. ఆదివారం దాన్ని కిందికి దించి, టైల్స్ పగలకుండా మడతపెట్టిన గోనెగుడ్డ పరిచి, పచ్చడి దంచుతారు. ఈసారి బండ పట్టింది ఇంటాయన అయితే, నీ మహిమ ఇంకాస్త పెరిగినట్టే.

స్తోత్రం చివర ఫలశ్రుతి చెప్పాలి. నిన్ను తలుచుకున్నవాళ్ళకి సిరులు కురుస్తాయని చెప్పను, నువ్వు సిరుల వైపు ఉన్నదానివి కావు. నిన్ను తలుచుకుంటే బీరకాయ చెక్కు చెత్తబుట్ట దాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. కూరల బండి దగ్గర ఏడాదంతా దొరికేదాన్ని దాటి, ఆ వారం కొత్తగా వచ్చిందేదో కళ్ళకు కనిపిస్తుంది. పక్కింటి గోడ మీదుగా వంగిన ఉసిరికొమ్మను చూసి, నాలుగు కాయలివ్వమని అడిగే చనువు వస్తుంది. అడిగినందుకు ఇచ్చిన నాలుగు కాయలకూ, సాయంత్రం చిన్న గిన్నెలో పచ్చడి వెనక్కి వెళుతుంది. ఆ గిన్నె తిరిగి ఖాళీగా రాదు. ఒంటరిగా తినే మనిషి కూడా తన ఒక్కడి కోసం రెండు మిరపకాయలు వేయించుకుంటే, ఆ పూట తనను తాను అతిథిగా చూసుకున్నట్టు. ఇంట్లోకి అడుగు పెడుతూనే ఇవాళ ఏం పచ్చడి అని అడిగేవాళ్ళు ఒక్కరున్నా, ఆ ఇంటికి నువ్వు చెయ్యాల్సిన మేలు చేసినట్టే.

పొగడ్త ఎక్కువైతే అన్నం చల్లారిపోతుంది. ఇంతకీ ఇంట్లో ఏమున్నాయి? నాలుగు దొండకాయలు, సగం మామిడికాయ, వాడబోతున్న కొత్తిమీర కట్ట. చాలు, రోలు కడగండి.